రెండు మేకుల మధ్య

మంగళవారం, గురువారం, సాయంత్రం ఆరింటికి
సరీ-బులాక్ బడిలో, మూడో తరగతి పిల్లల బెంచీల మీద
మేం పదకొండు మంది పెద్దవాళ్ళం.
మోకాళ్ళు బల్ల కింద పట్టవు.
పక్కకి తిప్పుకుని కూర్చుంటాం,
గాడిద మీద సంతకెళ్ళే ఆడవాళ్ళలా.

నాకు అరవై ఒకటి. ముప్పై ఏళ్ళు
ఈ బడిలోనే వంట చేశాను.
పాఠం చెప్పే మీరిమ్‌కి ఒకప్పుడు
రెండో గరిటె పులుసు దొంగచాటుగా పోసినదాన్ని.
ఇప్పుడా పిల్ల నా నోట్సు దిద్దుతుంది,
ఎర్ర సిరాతో, మొహమాటం లేకుండా.

మొదటి రోజు పళ్ళెంలో మట్టిముద్ద తెచ్చింది.
మా కొండదే. పసుపు రంగు, జల్లించిన పిండిలా మెత్తన.
గాలి మోసుకొచ్చి పోసిన దుమ్మట ఇది,
వేల ఏళ్ళు, చిటికెడు చిటికెడుగా.
పొడిగా ఉన్నంతకాలం గోడలా నిలబడుతుంది.
మీరిమ్ చెంచాతో నీళ్ళు పోసింది.
ఒక చెంచా. ఏమీ కాలేదు.
రెండో చెంచా. ఏమీ కాలేదు.
మూడో చెంచాకి ముద్ద
మాట తప్పిన మనిషిలా
ఉన్నచోటే కూలబడింది.

గొర్రెల కాపరి ఒర్మోన్ నవ్వాడు.
"కొండని పళ్ళెంలో పెడితే కొండ ఊరుకుంటుందా?"
ఆ వాలులో ఏ నెల ఏ గడ్డి లేస్తుందో
అతని తాతల నాటినుంచీ తెలుసట.
"మరి ఆ ఏడు కింది వీధి?" అన్నాడు బస్సు డ్రైవరు.
ఒర్మోన్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
ఆ వీధిలో అతని పెద్దక్క ఉండేది.
ఆ సాయంత్రం ఇంకెవరూ ప్రశ్నలడగలేదు.

నేర్చుకున్నవి వంటల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను:
తలుపు ఉన్నట్టుండి బిగుసుకుంటే
తలుపుని తిట్టకు, గుమ్మాన్ని చూడు.
ఊట నీళ్ళు మడ్డిగా వస్తే
టీ తర్వాత పెట్టుకో, ముందు ఎవరికైనా చెప్పు.
పోప్లార్ చెట్లన్నీ ఒకేవైపు ఒరిగితే
అది గాలి పని కాదు.
చాప కింద నీరంటారే,
మా దగ్గరది కంబళి కింద నీరు.

ఇంటిపని ఇచ్చింది:
కొండ మీద నెర్రెకి అటొకటి ఇటొకటి మేకు కొట్టి
వారం వారం మధ్య దూరం కొలవాలి.
నా దగ్గర కంబళి కుట్టే ఎర్ర దారం ఉంది.
ఎంత దూరమైతే అంత తెంపి
తేదీ రాసి పిండి డబ్బాకి అంటించేదాన్ని.
ఫిబ్రవరిలో నాలుగు వేళ్ళు.
మార్చిలో నాలుగు వేళ్ళ మీద గోరంత.
ఏప్రిల్లో, మంచు కరిగి మూడు రోజులు వాన పడ్డాక,
పోయిన వారం దారాన్ని ఒక మేకుకి చుట్టి లాగాను.
రెండో మేకు దాకా రాలేదు.
జానెడు ఇవతలే గాలిలో ఊగింది.

ఫోన్ చేస్తే మీరిమ్ ఒక్కటే అడిగింది.
"రెండుసార్లు కొలిచావా, బురుల్కాన్ ఎజే?"
రెండుసార్లు కొలిచాను.

మూడు రాత్రులు, నలభై ఇళ్ళవాళ్ళం, బడి హాల్లో పడుకున్నాం.
పాత గరిటెతో నేనే వండాను.
కొండ పడలేదు.
నాలుగో రోజు జనం పరుపులు చుట్టుకుని
నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు.
రొట్టెల కొట్టు దగ్గర ఎవరో అన్నారు,
"దారంతో కొండని ఆపిన ముసలమ్మ."
ఒకావిడ ఆవు పాలు తగ్గించిందట.
అదీ నా ఖాతాలోకే.

పరీక్షలో ఆఖరి ప్రశ్న:
ప్రమాదం దాటిపోయిందని ఎప్పుడు చెప్పగలం?
చాలాసేపు పెన్ను కొరికి, ఖాళీగా వదిలేశాను.
మీరిమ్ సగం మార్కులిచ్చింది.
మిగతా సగం ఎందుకు కోశావని
వరండాలో దెబ్బలాడాను కూడా.

జూన్‌లో ఒక పొద్దున ఒర్మోన్ వాకిట్లో నిలబడ్డాడు.
ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో తుప్పు మేకులు.
"మా మేతవైపు కూడా ఒకటి విచ్చింది" అన్నాడు నేల చూస్తూ.
"గొర్రె కాలు పట్టేంత."

రెండు మూరల దారం తెంపి ఇచ్చాను.
డబ్బులివ్వబోయాడు.
మేకులు నీవేగా, అన్నాను.