ఉప్పు సాక్ష్యం

తిరుపతిలో మా కాలేజీకి
కిటికీ లేని గది ఒకటుండేది.
గోడలకు నల్ల సున్నం, తలుపుకు నల్ల దుప్పటి,
లోపల పాత వార్నిష్ వాసన.
మేష్టార్లు డార్క్ రూమ్ అనేవాళ్ళు.
అటెండరు చెంగల్రాయుడు మాత్రం "గర్భగుడి" అని నవ్వేవాడు,
చెప్పులు మాత్రం విప్పేవాడు కాదు.

సోడియం దీపం వేస్తే వెంటనే పసుపు రాదు.
ముందు గులాబీ.
"ఉండండి మే, ఇంకా మొగం కడుక్కోలా" అనేవాడు.
కాసేపటికి గదంతా పసుపు,
పసుపు తప్ప ఇంకేమీ మిగలనంత పసుపు.
నగరి నుంచి బస్సులో వచ్చే వళ్ళి నుదుట కుంకం నల్లబడేది.
గౌసియా ఎర్ర గాజులు బొగ్గు ముక్కలయ్యేవి.
ఎరుపు మన దగ్గర లేదు,
ఎండ దగ్గర అప్పు తెచ్చుకున్నామని
అక్కడే తెలిసింది నాకు.

ఒక్కోనాడు స్పిరిటు దీపం మీద మైలుతుత్తం చల్లేవాడు.
మంట ఆకుపచ్చగా లేచేది.
"అది రాగి. మరి రాగి సంకటి పెడితే?"
ఆయనే అడిగి, ఆయనే నవ్వి, దగ్గి,
తీగ కడగడానికి పోయేవాడు.
ఎంత కడిగినా తీగ చివర పసుపు పోయేది కాదు.
చేతి చెమట.

మార్చి నెల, ప్రాక్టికల్ పరీక్ష.
మదనపల్లె నుంచి వచ్చిన ఎగ్జామినరు
వాచీ వంక తప్ప మా వంక చూడడు.
గ్రేటింగు నిలబెట్టి, టెలిస్కోపు తిప్పి,
వెర్నియరు మీద భూతద్దం ఆనించానో లేదో
కరెంటు పోయింది.
పోయిందంటే రెండు గంటలు, ఆ రోజుల్లో.
ఆరిన దీపం టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది.
నా డిగ్రీ కూడా.

చీకట్లో క్యారియరు మూత చప్పుడు.
సంకటిలోకని కాగితం పొట్లంలో తెచ్చుకున్న కల్లుప్పు
వేళ్ళతో నలిపి, తడిపి,
వత్తికి పూశాడు చెంగల్రాయుడు.
అగ్గిపుల్ల.
నీలి మంట ఉలిక్కిపడి పసుపయింది.

"చూడు పాపా. ఊపిరి బిగబట్టి చూడు."

ఒక గీత.
చూడగా చూడగా దాని నడుమ
వెంట్రుకంత చీకటి.
ఒకటి కాదు, రెండు.
వళ్ళి వాళ్ళ మగ్గం మీద జంట పోగుల్లాగా.
కంపెనీ దీపంలో ఏ చోట ఉన్నాయో
సంకటి ఉప్పులోనూ సరిగ్గా ఆ చోటే,
అంకె కూడా కదలకుండా.

ఎగ్జామినరు వంగి చూశాడు.
చాలాసేపు చూశాడు. వాచీ మర్చిపోయాడు.
"రెండెందుకు?"
"అణువు లోపల మెట్లున్నాయి సార్," అంటే
"పరమాణువు" అని దిద్దాడు.
"పరమాణువులో చివరి ఎలక్ట్రాన్ ఒంటరిది సార్.
వేడి తిని పైకెక్కి, దిగేటప్పుడు వెలుగు వదుల్తుంది.
అది బొంగరంలా తిరిగే తీరు రెండు రకాలు,
అందుకే పై మెట్టు రెండుగా చీలింది."

బయటికొచ్చాక చెంగల్రాయుడు ఆపాడు.
"మెట్లంటే? అలిపిరి మెట్ల మాదిరా?"
"అట్లాంటివే. కాకుంటే మధ్యలో కూర్చోనీవు.
ఇక్కడుండాల, లేదంటే అక్కడుండాల."
"అయితే మోకాళ్ళ మిట్ట కాడ శానా కష్టం దానికి."
ఇంకాస్త ఆలోచించి అన్నాడు:
"మా ఆడోళ్ళు మెట్టు మెట్టుకూ పసుపు పూస్తారే,
ఇందుకా!"
కాదని చెప్పడానికి నోరు తెరిచి
మూసుకున్నాను.

ఎండలో సరిగ్గా అదే చోట
రెండు నల్ల గీతలుంటాయని తర్వాత చదివాను.
ఉప్పులోది సూర్యుడిలోనూ ఉంది.
ఎవరూ పోయి రుచి చూసింది లేదు.

ఇప్పుడు రేణిగుంట రోడ్డు దీపాలు తెల్లబడ్డాయి.
రాత్రి పూట కుంకం ఎర్రగానే ఉంటోంది,
ఎవరూ ఆశ్చర్యపోరు.

నిన్న పప్పు పొంగి స్టవ్ మీద పడింది.
నీలి మంట చిటపటమని పసుపయింది.
"సిమ్‌లో పెట్టండత్తా!" కోడలు అరుస్తోంది.
నేను ఊపిరి బిగబట్టి
చూస్తున్నాను.