తరుగు

ఎనుమాముల యార్డుల కాంటా కాడ
పదేండ్ల సంది బరువులు రాస్తున్న.
మిర్చి ఘాటుకు కండ్లు మండుతనే ఉంటయి,
చెయ్యి మాత్రం తప్పు రాయది.
బస్తా ఎక్కుతది, ముల్లు ఊగుతది,
దడ్వాయి కొంరెల్లి రాగం తీసి అరుస్తడు:
"నలభై రెండు... సంచి తీయి!"
కిలో తీసి రాస్త.
గోనె బరువును మిర్చి ఖాతల రాయద్దని
యార్డుల బండ్లు తోలే పిల్లగాండ్లకు సుత ఎరుకే.

నిరుడు మాఘంల హైదరాబాద్ పోయిన.
తెల్లారగట్ల కాజీపేటల బండెక్కి,
ఛాతి మీద పట్టీ రెండు చుట్లు బిగిచ్చి,
ఏడేండ్ల పైసలు లోపలి జేబుల పెట్టుకొని.
చిట్టీ మీదున్న పాత పేరుతోని పిలిచిండ్రు.
రాజీరు లేచి నిలబడ్డడు.

డాక్టరు మంచోడే. "రా బాబూ" అన్నడు.
ఆ ఒక్క మాటకు కడుపు నిండింది.
తర్వాత మిషను ఎక్కమన్నడు.
తొంభై ఒక్క కిలో, నాలుగు వందల గ్రాములు.
పొడుగు కొలిచి, భాగారం జేసి
ముప్పై నాలుగు అన్నడు.
"ముప్పై దాటితే కత్తి పట్టం.
మత్తు ఆగం జేస్తది, కుట్లు మానవు.
పదకొండు కిలోలు తగ్గి రా."

మోకాలి చిప్పలు మార్పిచ్చుకున్న మా సేటు
నూటపది ఉంటడు.
ఆయన్నెవరూ తగ్గి రమ్మనలె.
కొయ్యమని నేను తీస్కపోయినదాన్ని సుత
కలిపే జోకిండ్రు,
నా పేరు మీదనే రాసిండ్రు.

తరుగు నాకు కొత్త కాదు.
తేమ ఉన్నదని రెండు కిలోలు, దుమ్మున్నదని కిలో,
సేటుకు మనసున పట్టలేదని ఇంకో అర.
రైతు తల గోక్కుంట నిలబడుతడు.
ఇన్నొద్దులు ఆ తరుగు రాసింది ఈ చెయ్యే.

తగ్గాలెనంటే ఉరకాలె.
పొద్దుగాల అయిదింటికి భద్రకాళి కట్టకు పోయిన.
పట్టీ కట్టుకొని ఉరికితే ఊపిరి ఆడది,
నూరడుగులకే పక్కటెముకలు పట్టుకుంటయి.
పట్టీ ఇప్పి ఉరికితే
కట్ట మీద కూసున్న పోరగాండ్ల కండ్లు
నా కన్న ముందు ఉరుకుతయి.
కోస్తే ఉరుకుత.
ఉరికితే కోస్తరట.

అన్నం ఇడిసిన. జొన్నరొట్టె, నీళ్ల మజ్జిగ.
సూది ఏసుకున్న వారం ఆకలి కట్టు తెంపుకుంటది,
నడిజాముల లేచి గిన్నెలు గీకుత.
చిన్నమ్మ తలుపు సందుల నుంచి చూసి
"ఏమైందే బిడ్డా" అంటది,
నాలుక కరుచుకొని "ఏమైందిరా" అంటది.
ఆ 'రా' రానీకి నాలుగేండ్లు పట్టింది.

ఆరు కిలోలు తగ్గిన.
వానకాలంల నాలుగు మల్ల వచ్చినయి.

చిన్నగున్నప్పుడు పసిరికలైతే
అమ్మ మేడారం మొక్కిందట.
తక్కెట్ల కూసోబెట్టి నిలువెత్తు బంగారం జోకిచ్చింది,
పదహారు కిలోల బెల్లం.
"ఇంకింత బొద్దుగుంటే తల్లికి ఇంకింత అందు"
అని తక్కెడ పట్టినాయన నవ్విండట.
గద్దె మీది తల్లి తగ్గి రమ్మనలె,
పోరినా పోరన్నా అని అడగలె.
బెల్లం తీసుకున్నది, పానం ఇచ్చింది.
ఈగలు మస్తు ముసిరినయని మాత్రం
అమ్మ బతికున్నన్ని రోజులు చెప్పేది.

నిన్న రాత్రి యార్డు ఖాళీ అయినంక
కాంటా మీద నేనే ఎక్కిన.
కొంరెల్లి బీడీ ముట్టిచ్చుకుంట చూసిండు,
ఏం అడగలె.
ఆయనకు తెలుసో తెల్వదో నాకు తెల్వది.
ముల్లు ఊగి ఊగి ఆగింది
ఎనభై తొమ్మిది మీద నాలుగు గీతల కాడ.
అలవాటు నోరు కదా,
రాగం తీసి అరిచిండు:
"ఎనభై తొమ్మిది... సంచి తీయి!"

రేకుల షెడ్డుల ఆ మాట రెండుసార్లు తిరిగింది.
పుస్తకం తెరిచిన, కలం మూత తీసిన.
ఎంత తీయాలెనో
ఆయన చెప్తడేమోనని
కాంటా దిగకుంట నిలబడ్డ.