మైనస్ పద్దెనిమిది

బడి నుంచి కాగితం వచ్చింది:
జనవరిలో ఢిల్లీ, బ్యాండు పోటీలు,
ప్రతి పిల్లకీ ఉన్ని కోటు తప్పనిసరి, ఎరుపు.
కింద నేను సంతకం పెట్టాలంట.

మా ముత్తుకూరులో చలంటే
తెల్లారి నాలుక్కి దుప్పటి
ఇంకాస్త పైకి లాక్కోవడం.
అంతే.
కోటు నేను చూసింది పెళ్లి ఫొటోల్లో,
అదీ మగోళ్ల మీద, అద్దెకు తెచ్చింది.

కానీ నాకు చలి తెలీదంటే ఒప్పుకోను.
పదకొండేళ్లుగా ఐసులో చేతులు పెట్టి
రొయ్య తలలు తుంచతా ఉండా.
చలి ముందు గోళ్ల కింద దూరుద్ది,
తర్వాత కణుపుల్లో కూచుంటది,
ఇంటికొచ్చి అన్నం కలిపితే
వేడిగా ఉండాదో లేదో
పిల్లని అడగాలి.

ఆదివారం నెల్లూరు బస్సెక్కాం, నేనూ కామాక్షీ.
ట్రంకు రోడ్డు పక్కన రేకుల పందిట్లో
టిబెట్టోళ్ల అంగళ్లు.
మొదటి అంగట్లో ఆరొందలే అన్నాడు.
మెరస్తా ఉండాది, బంగారం రంగు బొత్తాలు,
పిల్ల కళ్లు దాని మీదే.
తిరగేశా.
అస్తరు లేదు. కుట్టు లాగితే పళ్లికిలించింది.
ముప్పై కౌంటని చెప్పి
అరవై కౌంటు అంటగట్టేవాళ్లను రోజూ చూస్తా,
నాకా చెప్పేది?

మూలంగట్లో పెద్దామె,
ఎండిన రేగుపండు బుగ్గలు,
ఏమీ పొగడలే.
కోటు లోమడతలో ఒక పోగు పీకి
అగ్గిపుల్ల గీసింది.
వెంట్రుక కాలిన కంపు.
"ఉన్ని" అంది. "ప్లాస్టిక్కయితే ముద్ద కడద్ది."
ఎన్ని చలికాలాలు ఇక్కడ చెమటోడ్చిందో,
మాట మా ఊరి మాటే.

రెండువేల రెండొందలు.
పద్దెనిమిదొందలకు దిగింది, ఇంక దిగలే.
కిలోకి పన్నెండు చొప్పున
నూటయాభై కిలోల రొయ్యలు.
రెండు సైజులు పెద్దది తీశా,
చేతులు లోపలికి మడిచి కుట్టొచ్చని.

బస్సులో విప్పమంటే విప్పలేదు.
నుదురంతా చెమట.
"పాపకి జొరమా?" అన్నాడు కండక్టరు.

సోమవారం మస్తానయ్యని బతిమాలా.
కోల్డు రూము తలుపు ఆయన చేతిలో ఉంటది.
"మైనస్ పద్దెనిమిదమ్మా,
ఢిల్లీలో అంత ఉండదు."
"ఉండదులే. దీనికి ఆగితే దానికి ఆగదా?"
మేనేజరు టీకి పోయాక
పిల్లను లోపలికి పంపి
తలుపు జానెడు తెరిచే పెట్టాడు.
సందులోంచి తెల్లటి పొగ నా కాళ్ల మీద.
నలభై దాకా లెక్కపెట్టా.
టకటక, టకటక.
పళ్లు కొట్టుకుంటున్నాయనుకుని
తలుపు తోసుకుని దూరా.
ఎగుమతి పెట్టె మీద
రెండు చూపుడువేళ్లతో డ్రమ్ము వాయిస్తా ఉండాది,
నోట్లోంచి ఆవిరి, కాళ్లు తాళానికి.

"ఎట్టుందిమే?"
"చేతులొకటేమా."

చేతుల సంగతి నాకు తెలుసు.
గ్లౌజులేస్తే పుల్లలు జారతాయంట.
అందుకని కొబ్బరినూనె సీసా పెట్టా,
రుద్దుకుని చంకల్లో పెట్టుకోమన్నా,
మా షెడ్డులో ఆడోళ్లం చేసేదదే.

మూడోరోజు ఫోను.
"మా, కోటు జేబులో రొయ్య మీసం ఉండాది."
"పారెయ్‌మే, వాసనొస్తది."
పారేసిందో లేదో చెప్పలే.
ఎనక ఎవరో ఈల ఊదారు,
లైను కట్టయింది.