దూరం గడి

తెల్లారి ఆరింటికి రేడియో గొంతు సవరించుకుంటుంది.
"యోల్‌బన్, మీ దగ్గర మబ్బెంత?"
తలుపు తీసి కొండవైపు చూస్తాను.
చర్చి పైకప్పు రేకు కనిపిస్తే, రమ్మంటాను.
కనిపించకపోతే
ఆ వెనకున్న దుమ్‌కాయ్
ఈ పూటకు లోకంలో లేనట్టే.

నా పని తూకం.
కాఫీ బస్తా, కాళ్లు కట్టిన కోడి, పాస్టరుగారు,
ఎవరైనా ఒకే కాటా ఎక్కాలి.
పేరు. బరువు. ఎక్కడికి. దూరం.
పన్నెండేళ్లుగా ఆ చివరి గడిలో
ఒకే అంకె రాస్తున్నాను: ముప్ఫై ఎనిమిది.
ఈ గడ్డి మీంచి లేచి ఆ గడ్డి మీద వాలడానికి
గాలిలో గీసిన గీత అది.
పదకొండు నిమిషాలు.
పైలట్ నోట్లో చూయింగ్ గమ్ తీపి పోకముందే
చక్రాలు బురద తొక్కుతాయి.

బాలూస్ అంటే మాకు పావురం, విమానమూ అదే.
మొదటిది దిగిన రోజు
ఏం తింటుందో పాపమని
మా తాత దాని ముక్కు ముందు ఒక దుంప పెట్టాడట.

అంతకు ముందు ఇదంతా కూతలతో నడిచిన దూరం.
ఈ కొండ కేకేస్తే ఆ కొండ అందుకుని
అవతలి కొండకు అందించేది.
చావు కబురు మధ్యాహ్నానికే చేరేది.
ఏడవాల్సిన మనిషి చేరేసరికి
మూడు పగళ్లు, రెండు రాత్రులు.

కెలిన్ మంగళవారం మంగళవారం వస్తుంది.
నుదుటి నుంచి వీపు మీదికి వేలాడే బిలుమ్ సంచిలో
నిప్పుల్లోంచి అప్పుడే తీసిన చిలగడదుంపలు,
అరిటాకులో చుట్టి,
దుమ్‌కాయ్‌లోని చెల్లెలు యామెక్‌కు.
కిలోంబావు ఉంటాయి. నేను పుస్తకంలో రాయను.
కాసేపటికి రేడియోలో అవతలి ఏజెంటు నవ్వుతాడు:
"వేడిగానే ఉన్నాయట. ఉప్పే తక్కువట."

యామెక్‌కు కాన్పు కష్టమైన వారం
ఒక సీటు ఖాళీ ఉంది.
కెలిన్ కాటా ఎక్కి కళ్లు మూసుకుంది.
యాభై ఒకటి, సంచితో కలిపి.
పెళ్లికూతురిగా నడిచి వచ్చిన దారి మీదుగా
ఇరవై రెండేళ్లకు ఎగిరి వెళ్లింది.

బిడ్డ దక్కింది. తల్లీ దక్కింది.
తిరుగు విమానంలో మాత్రం కెలిన్ లేదు.
నాలుగో రోజు సాయంత్రం
పిక్కల నిండా జలగల గాట్లతో
రన్‌వే చివరి గడ్డిలోంచి నడిచి వచ్చింది.

"సీటుందిగా?" అన్నాను.

"కిటికీలోంచి చూశాను.
మా అమ్మ నా చెయ్యి వదిలిన వాగు
చెంబు ఒలికినంత తడి.
నేను రాత్రంతా ఏడ్చిన బండ
ఏ బండో తెలియలేదు.
అంతా కలిపి బెత్తెడు పచ్చదనం.
అంతేనా, అనిపించింది.
అంతేనా నేను వచ్చింది?
అందుకే నడిచాను,
ఉందో పోయిందో చూద్దామని."

"ఉందా?"

"ఉంది. ఇంకాస్త పెరిగింది.
నాకు వయసైంది కదా."

తర్వాతి మంగళవారం
ఆ గడి దగ్గర నా పెన్ను కొంచెం ఆగింది.
ముప్ఫై ఎనిమిదే రాశాను.
ఆఫీసుకు ఇంకో అంకె తెలియదు.

ఆ రోజు చర్చి రేకు కనిపించలేదు.
పదింటిదాకా చూశాం, పన్నెండింటిదాకా.
మబ్బు కాటా దాకా దిగింది.
దుంపలు చల్లారిపోయాయి.
కెలిన్ అరిటాకు విప్పి
ఒకటి నా చేతిలో పెట్టింది.

ఉప్పు నిజంగానే తక్కువ.