పందొమ్మిది గోలీలు

పాషా దుకాణంల ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికిస్తుండ్రు.
గాలిపంపు ఉండే మూలకు కూలర్ పెట్టిండ్రు.
"సైకిల్ పని బందువెట్టినం అక్కా" అన్నడు కొడుకు.
మల్ల నా మొకం జూసి
బల్ల కిందికెల్లి నూనె మరకల సంచి తీసిచ్చిండు.
"అబ్బావి. తూకానికేస్తె చాయ్ పైసలు గూడ రావు."

ముందుగాల పంచరు నేర్చిన.
మా ఇంటి గంగాళంల, ఒట్టు, బడిది గాదు,
ట్యూబు ముంచితె బుడగలు లేచినయి
దాసుకున్న మాట ఎవలో బయటపెట్టినట్టు.
గరుకు కాయితం రుద్ది సొల్యూషన్ రాసి
ఆరేదాక ఆగాలె గదా, ఆగలె.
తెల్లారేసరికి చక్రం నేలకంటుకుంది.
రెండోసారి ఆగిన
అన్నం దించి మూతపెట్టి ఆగినట్టు.

శ్రావణంల ముందటి చక్రం కరకర మొదలువెట్టింది.
పాత చీర పరిచి ఇరుసు ఊడదీసిన.
నల్లటి గ్రీజుల కందిగింజలంత గోలీలు.
కిరసనాయిలుల కడిగి పళ్లెంల పోసి లెక్కవెట్టిన:
ఒక దిక్కు పది.
ఇంకో దిక్కు తొమ్మిది.

బియ్యంల రాళ్లేరినట్టు గ్రీజంతా ఏరిన.
మంచం జరిపిన, చీర దులిపిన,
పక్కింటోళ్ల కోడిని గూడ అనుమానంగనే చూసిన.
రాత్రి కాజీపేట దిక్కు గూడ్సు పోతుంటె
గిన్నెలు అదిరినయి.
యాడనన్న దొర్లుతదేమోనని
చీకట్ల చెవివెట్టి పండుకున్న.

మర్నాడు దర్గా కాడ పాషా ఇల్లు అడుక్కుంట పోయిన.
నవ్విండు.
"ఒక గోలీ తక్కువైతె చక్రం అలగదు బిడ్డా,
బిగువెక్కువైతె అలుగుతది.
కోను బిగించి, జర ఎనకకు తిప్పు."
జర అంటె ఎంత?
"చేతికి తెలుస్తది."
నా చేతికి తెలుస్తలేదు.
"మూడుసార్లు చెడగొట్టు."

నాలుగుసార్లు చెడగొట్టిన.
ఐదోసారి చక్రం లేపి ఇడిసిపెడితె
తిరిగీ తిరిగీ, సప్పుడు లేకుంట,
వాల్వు బరువుకు అటింత ఇటింత ఊగి
కిందికొచ్చి ఆగింది.
ఎవలూ చూడలె. నేనే మల్లొకసారి తిప్పుకున్న.

ఇప్పుడు పొద్దుగాల ఆరింటికి
సోమిడి తొవ్వల, పందొమ్మిది గోలీల మీద
నూటిరవై మంది పిల్లల టమాటలు, ఆకుకూర పోతున్నయి.
గోర్ల సందుల నలుపు జూసి
"చేతులు కడిగినవా యాకమ్మా" అంటది పెద్దసారమ్మ.
మూడుసార్లు కడిగిన. పోదు మేడమ్, అది పనిది.

మొన్న చింతపండు డబ్బా అడుగుకు తగిలింది
ఇరవయ్యో గోలీ. ఎట్ల పోయిందో.
తుడిచి పాషా సంచిల ఏసిన.
చక్రం ఇప్పలె.
మంచిగ తిరుగుతున్నదాన్ని
ఇప్పుడెందుకు కదిలిచ్చుడు.