యాభై అడుగులు

స్కాట్లండ్ ఉత్తరపు కొసన, విక్ రేవులో
ఆ శుక్రవారం పడవలు కట్లు విప్పుకోలేదు.
గాలి పబ్బు తలుపుని తోసి తోసి
చివరికి తనూ లోపలికొచ్చి కూర్చుంది.
మూలనున్న టీవీ కింద సగం ఊరు.
తెరమీద ఎఫీ గన్.

మా ఊళ్లో స్టీరింగు పట్టిన ప్రతి చెయ్యీ
ముందు ఆవిడ చేతి దెబ్బ తిన్నదే.
చేపల లారీ డూగల్డు, అంబులెన్సు నడిపే కర్స్టీ,
చర్చి పాస్టరు, ఆయనకి జరిమానా రాసిన పోలీసు,
అందరూ ఆవిడ పక్కన కూచుని చెమటలు కక్కినవాళ్లే.
నేను నాలుగుసార్లు పరీక్ష తప్పాను.
బేకరీలో పని, నలభై ఒకటో ఏడు,
పిండి అంటిన వేళ్లతో
ఇప్పటికీ మూడో గేరు వెతుక్కుంటాను.

గెలిస్తే ఆ డబ్బు ఏం చేస్తారని యాంకరు అడిగాడు.
"క్లచ్ మార్పిస్తాను."
స్టూడియో గొల్లుమంది.
పబ్బులో ఎవరూ నవ్వలేదు.
దాన్ని అరగదీసింది మేమే.

అవతల లండన్ కుర్రాడు,
వయొలిన్లు బాగుచేస్తాడట,
లైసెన్సు లేదట, ఎటు వెళ్లినా రైలేనట.
నదుల్లో అతను ముందు, రాజుల్లో ఈవిడ,
గ్రహాల దగ్గర ఇద్దరూ తడబడి
సమానంగా ఆఖరి ప్రశ్నకొచ్చారు.
"రోడ్డు భద్రత," అన్నాడు యాంకరు.
పబ్బు పైకప్పు లేచిపోయింది.
డూగల్డు అప్పుడే అందరికీ విస్కీ చెప్పేశాడు.

"గంటకి యాభై మైళ్ల వేగంలో
డ్రైవరు ప్రమాదాన్ని చూసి
బ్రేకు మీద కాలు వేసేలోగా
కారు ఎంత దూరం పోతుంది?"

వేగం ఎన్ని మైళ్లో ఆలోచన అన్ని అడుగులు!
ఇరవైకి ఇరవై, ముప్ఫైకి ముప్ఫై,
వైపర్ల తాళానికి ఎక్కంలా వల్లె వేయించింది గదా!
యాభై, యాభై, అని గ్లాసులతో బల్లలు బాదాం,
ఆరువందల మైళ్ల అవతలికి
మా కేక ముందే చేరుతుందన్నట్టు,
ఆ కార్యక్రమం తీసి నెల దాటిందని
ఎవరికీ గుర్తులేనట్టు.

ఎఫీ చెయ్యి లేచింది.
లేచింది గానీ, ముందు
కళ్లు పైకెత్తింది, అద్దం ఉండాల్సిన చోటికి.
తర్వాత పక్క అద్దం ఉండాల్సిన చోటికి.
గడ్డం భుజానికి ఆనేదాకా మెడ తిప్పి
వెనక ఎవరూ రావడం లేదని తేల్చుకుని
అప్పుడు నొక్కింది మీట.

అవతలి దీపం అప్పటికే వెలిగింది.
"యాభై అడుగులా?" అన్నాడు కుర్రాడు,
తను అన్నది తనే నమ్మలేక.

నిదానమే ప్రధానం అంటుందొక సామెత.
ఆలస్యం అమృతం విషం అంటుంది ఇంకొకటి.
రెంటికీ నడుమ ఉన్న దూరాన్ని
మొదటిసారి కళ్లారా చూశాం.
విస్కీ ఎలాగూ పోసేశారు కాబట్టి తాగాం.

సోమవారం ఎనిమిదింటికి, వానలో,
ఎప్పట్లాగే మా బేకరీ ముందు ఆగింది.
ఏమనాలో రాత్రంతా కూడబలుక్కున్నాను,
సీటు బెల్టు పెట్టుకునేసరికి అంతా పోయింది.
ఊరు దాటాక, గోడ మలుపులో
ఒక గొర్రె, దాని వెనక దాని పిల్ల,
తమ తాతలు వేయించిన రోడ్డన్నట్టు దిగాయి.

కాలు దానంతటదే వెళ్లింది.
కారు ఆగింది. వాటికీ మాకూ మధ్య
ఇంకో గొర్రె పట్టేంత జాగా మిగిలింది.
పక్కకి చూస్తే
ఆవిడ పాదం తన బ్రేకుని తాకనే లేదు,
నేల మీదే ఉంది, తడి బూటుతో.

"ఎన్ని అడుగులంటారు?" అన్నాను.
"లెక్కపెట్టలేదు," అంది.
పిల్ల ఇంకా మమ్మల్నే చూస్తోంది.
"సరే. అద్దం."

చూశాను. వెనక వాన తప్ప ఎవరూ లేరు.
నా కాలి కింద క్లచ్ మూలిగింది.