రాలేదు అని రాసిన చోట

మైనస్ పదకొండు.
ఆపిల్ కొమ్మకు పురికొసతో కట్టిన పందికొవ్వు ముక్క
రాయిలా బిగిసి, గాలికైనా ఊగడం లేదు.
వంటింటి కిటికీ అద్దం మీద నా ఊపిరే అడ్డం.
స్వెటర్ చేత్తో తుడిచి కూర్చున్నాను,
నోటుబుక్కు, పెన్సిలు, చల్లారిన టీ.

హైనూఫ్కాలో మా పెరటికి ముందొచ్చేది వడ్రంగిపిట్టే,
అద్దె వసూలుకొచ్చిన ఇంటివాడిలా.
అది పోయాక పిచ్చుకల మూక.
రాత్రి మంచు మీద ఎవరో నడిచారు,
కట్టెల గుట్ట నుంచి కంచె దాకా
అడుగులు రెండేసి, జంటగా:
మార్టెన్. పోయినేడు పక్కింటి కారు వైర్లు కొరికిన దొంగ.
రాశాను.

తర్వాత అది.
గుప్పిట్లో పట్టేంత పిట్ట. నల్లటోపీ, బూడిదరంగు కోటు.
తలకిందులుగా వేలాడుతూ కొవ్వును పొడుస్తోంది.
మావాళ్ళు దాన్ని పేదపిట్ట అంటారు.
అచ్చం దానిలాంటిదే ఇంకోటుంది, నల్లతలపిట్ట.
ఒకే తాను గుడ్డలు.
రెక్క మీద లేత మరక ఉందా,
ముక్కు మొదట్లో తెల్లచుక్క ఉందా అని
బైనాక్యులర్స్ ముద్ర కళ్ళ చుట్టూ పడేదాకా చూసినా
అది ఒక్క క్షణం నిలబడితేగా!
పుస్తకం చివరికి చెప్పేదొకటే: కూత వినండి.
వినలేదు. అయినా రాశాను.
పదకొండు చలికాలాలు
పేదపిట్ట, పేదపిట్ట, పేదపిట్ట.

గిన్నె తిరిగివ్వడానికి వచ్చాడు పక్కింటి కయెతాన్,
తొమ్మిదేళ్ళవాడు, బూట్ల నిండా మంచు.
అడక్కుండానే కిటికీ తెరిచాడు.
"ఏమంటోందిరా అది?"
ముక్కుతో చేసి చూపించాడు:
"చ్యే, చ్యే, చ్యే. జలుబు చేసినట్టు, తెక్లా గారూ."

నల్లతలది!
పదకొండేళ్ళుగా పప్పులో కాలేసి
అక్కడే నిలబడి ఉన్నానన్నమాట.
ఇన్నాళ్ళూ నేను పిట్టలకు పేర్లు పెట్టాను,
ఇవాళ పిట్ట నాకు పేరు పెట్టింది.
నవ్వుకుంటూ రబ్బరు వెతుకుతున్నాను,
అప్పుడన్నాడు వాడు:
"మరి ఆ స్ప్రూస్ చెట్టులో గోల ఎవరిది?"

ఏ గోల?

"సీ సీ సీ అని. సన్నగా. చాలా ఉన్నాయి.
ఇప్పుడు కూడా."

కోతమిల్లు ఆఫీసులో ఇరవయ్యేడేళ్ళు
పలకలు లెక్కపెట్టాను. గోడకవతల రంపాలు.
దుంగలతో పాటు అవి ఇంకేం కోసుకుపోయాయో
ఎవరూ రసీదు ఇవ్వలేదు.

నోటుబుక్కు వెనక్కి తిప్పాను.
నెత్తిన పసుపుగీత కిరీటంలా ఉండే బుల్లిపిట్ట,
చిల్లర నాణెమంత బరువుండదు.
ఒక ఏడు: తగ్గాయి.
మరుసటేడు: ఒకటే, అదీ అనుమానం.
ఆ తర్వాత తొమ్మిది పేజీల్లో
నా గుండ్రటి అక్షరాలు: రాలేదు. రాలేదు.
ఒకచోట అంచున కోపం కూడా,
"అడవి నరుకుతుంటే ఎలా వస్తాయి?"
కోపం సబబే.
కాని అవి వచ్చాయి. ప్రతి ఏడూ వచ్చి
నేను రాలేదని రాస్తుండగా
నా నెత్తిమీదే పాడి వెళ్ళాయి.

వాణ్ణి కుర్చీ ఎక్కించాను.
వినబడినప్పుడల్లా వేలెత్తమన్నాను.
ఎత్తాడు. దించాడు. వెంటనే మళ్ళీ ఎత్తాడు.
నేను చెట్టు వైపు చూడలేదు.
గోరు కింద మట్టి ఉన్న ఆ చిన్న వేలునే చూస్తూ
గీతలు గీశాను, పద్నాలుగు.
టీ కప్పులో మంచు రవ్వలు పడుతున్నాయి.

తేదీ వేశాను.
ఎవరు గుర్తించారు అన్న గడిలో
ఇన్నేళ్ళలో మొదటిసారి ఇంకొకరి పేరు రాశాను.
వంగి చూశాడు.
"నా పేరు అలా రాయరు," అన్నాడు.

రబ్బరు దొరికింది. వాడి చేతిలో పెట్టాను.